అత్తయ్య పెన్‌డ్రైవ్ పెట్టే ముందు

ఏమండీ, పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫార్మాట్ చేయాలా అని స్క్రీన్ మీద అడిగితే వద్దనే నొక్కండి. హబ్‌కి కాకుండా కంప్యూటర్ వెనకున్న పోర్టుకే పెట్టండి. తర్వాత టెర్మినల్ తెరిచి lsblk అని కొట్టండి, కంప్యూటర్‌కి ఏయే డ్రైవ్‌లు కనిపిస్తున్నాయో చెబుతుంది. వచ్చే జాబితాలో మన హార్డ్‌డిస్క్ కింద sdb అన్న పేరు కనిపిస్తే అదే అత్తయ్య డ్రైవ్, ఇంకేమీ ముట్టుకోకుండా నాకు ఫోన్ చేయండి. కనిపిస్తుందని నాకైతే నమ్మకం లేదు.

మొన్నటి అప్‌డేట్ తర్వాత మన కంప్యూటర్‌ని నడిపే లైనక్స్‌లో, పెట్టిన డ్రైవ్‌ని తెరిచే ఆటోమౌంట్ ఆఫ్ అయిపోయి ఉంది. అది చూడగానే, తప్పు దానిదేనేమోనని ప్రాణం లేచొచ్చింది. ఆన్ చేసి నా ఆఫీసు పెన్‌డ్రైవ్ పెడితే దానంతటదే తెరుచుకుంది. అత్తయ్యది పెడితే ఉలుకూ పలుకూ లేదు. అంటే కంప్యూటర్ బాగానే ఉంది, పోయింది ఆ డ్రైవే. షాపులో చూపిద్దాం గానీ ఆశ పెట్టుకోకండి.

ఎజెక్ట్ కొట్టకుండా పీకొద్దని మీకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇంకో కాపీ తీసి పెట్టమనీ చెప్పాను. గొంతు ఆపరేషన్‌కి ముందు మనం రికార్డు చేసిన ఆవిడ మాటలన్నీ అందులోనే ఉన్నాయి, నన్ను తిట్టిన తిట్లతో సహా. ఇప్పుడు ఆవిడకున్న గొంతు అదొక్కటే.

టిఫిన్ మూతపెట్టి ఉంచాను. చల్లారకముందే తినండి.

అన్నట్టు, మధ్యాహ్నం అత్తయ్య రోజూలాగే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, వినిపించమని చెవి చూపిస్తారు. లైనక్స్ మొరాయిస్తోందని చెప్పండి. లైనక్స్ అయితే నేను బాగుచేస్తానని ఆవిడకి నమ్మకం.