దీపం ముందు పెట్టిన ఓటు

సికింద్రాబాద్, 1952. ఓట్లు లెక్కపెట్టిన రోజు, రాత్రి.

ఓడిపోయాను. గెలిచినాయన మెడలో నా చేత్తోనే దండ వేసి, మెట్టుగూడకు వచ్చి మావాళ్ళందరికీ దండం పెట్టాను. ఎల్లమ్మ ఒక్కతే ముందుకొచ్చింది. పోలీసు చర్యప్పుడు మిలిటరీవాళ్ళు పట్టుకుపోయిన ఆమె కొడుకు ఇంకా జైల్లోనే ఉన్నాడు. గెలిస్తే అసెంబ్లీలో అడిగి విడిపిస్తానని మాటిచ్చాను.

"గట్లెట్ల ఓడిపోతవ్ బిడ్డా? మా వాడకట్టు ఆడోళ్ళమంతా నీకే ఏసినం. నీ డబ్బా మీది దీపం గుర్తుకు బొట్టు వెట్టి, కాయితం దాని ముందర వెట్టి మొక్కినం" అంది.

ఒక్కో అభ్యర్థికి వాళ్ళ గుర్తుతో ఒక్కో పెట్టె పెట్టారు. నా పెట్టె పైన దొరికిన ఓటు కాగితాలు చెల్లవని పక్కన పడేశారట. పొద్దున ఏజెంటు చెబితే ఎవరివో అనుకున్నాను. దీపం, దీపం అని ఇన్నాళ్ళూ గొంతు చించుకున్నాం. కాగితాన్ని పెట్టె కన్నంలోంచి లోపల వేయాలని చూపించడం మాలో ఒక్కడికీ తోచలేదు.

ఆ మాట ఆమెతో ఎలా అనను? "నీ ఓటు నాకు చేరిందమ్మా" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది.

"అయితే పిల్లగాన్ని ఎప్పుడిడుస్తరు?"