ఒక్క ఫిర్యాదు లేని డిపో

మంగళవారం రాత్రి, అల్వాల్

పొద్దుగాల మా విత్తనాల కంపెనీ మేడ్చల్ ఆఫీసుల మీటింగు అయింది. ఏ విత్తనాలు మొలవయో ముందే చెప్పే ఏఐని ఈ వానకాలమే అన్ని డిపోలల్ల పెడ్దామని ఎండీ సారు మస్తు ఉషారు మీదున్నడు. గా మోడల్ చేసింది నేనే. శామీర్‌పేట డిపోల ఒక్క ఫిర్యాదు గూడ లేదని స్క్రీన్ మీద చూపెట్టిన. అందరు చప్పట్లు కొట్టిన్రు.

మా డేటా హెడ్ సునీత మేడం కొట్టలే. గా డిపో ఇంచార్జి యాదగిరన్నను మెల్లగ అడిగింది. "అన్నా, రైతొచ్చి మొలవలేదంటే ఏం జేస్తరు?"

"కొత్త సంచి ఇచ్చి పంపిస్తం మేడం. కంప్యూటర్ల ఎక్కిస్తే పైనుంచి తిట్లు పడ్తయి గద."

ఏఐకి నేను నేర్పింది కంప్యూటర్ల ఎక్కిన ఫిర్యాదులతోనే. అంటే మా విత్తనం ఎన్నడు ఫెయిల్ గాదనే ఏఐ నేర్చుకున్నది.

"ఈ వానకాలం వద్దు సార్. ముందు ఫిర్యాదులు రాయనిద్దాం, రాసినోళ్లను తిట్టొద్దు" అన్నది మేడం.

"మరి ఈ ఏడు బోర్డుకు ఏం చూపిస్తవమ్మా?" అన్నడు ఎండీ సారు.

"ఫిర్యాదులే చూపిస్త సార్."

మేడం గొంతు గూడ పెంచలే. మోడల్ నాదని ఎవరి ముంగట నన్ను తప్పు పట్టలే. నాతోనైతే అయ్యేది గాదు.

ఫిర్యాదులు రాయమని చెప్పనీకి రేపు నేనే డిపోలు తిరగాలె. రాస్తే ఎవరేమనరని మేడం మాటిచ్చిందని చెప్త. యాదగిరన్న నమ్ముతడు, ఆమెను చూసిండు గద. కని మేడంకు గా మాట ఎవరిచ్చిన్రు? సారైతే ఇయ్యలే. ఫోన్ చూసుకుంట లేచిపోయిండు.