మల్లేశానికి వంట వంతు

బురైదా, సౌదీ, శుక్రవారం రాత్రి

ఎడారిలో గొర్రెలు కాసే మల్లేశం తనకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అంటే కఫీలు, దగ్గర్నుంచి పారిపోయి వచ్చి మా రూములో ఉంటున్నాడు. ఈ రోజు వాడి మీదే గొడవ.

"ఖల్లివెల్లి మనిషిని, పారిపోయొచ్చినోన్ని దాస్తే మనందర్ని పట్టుకపోతరు. కఫీలుకు అప్పజెప్పుదాం," అని మా రూములోనే ఉండే రాజన్న అరిచాడు.

"అప్పజెప్పుడేంది రాజన్నా, వాడేమన్న గొర్రెనా?" అన్నాను. సగం మంది అటు, సగం మంది ఇటు.

డిగ్రీలో చదివిన అమెరికాలోని కాన్సాస్ పాఠం గుర్తొచ్చింది. కొత్త నేలలో బానిసలుండాలా వద్దా అని అక్కడికి వలసొచ్చినవాళ్లే కొట్టుకున్నారు. తర్వాత దేశమంతా యుద్ధం. మా రూమూ అలాగే చీలిపోతుందేమోనని భయమేసింది.

ఉద్యోగాలు సౌదీవాళ్లకే అంటూ పెట్టిన నితాఖత్ చట్టం తనిఖీలకు ముందు, కఫీలు సంతకం లేకున్నా ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ మీద ఇంటికి పంపిస్తారంటున్నారు. నిజమైతే బాగుండు...

గొడవ చల్లారాక మల్లేశం మెల్లగా రాజన్న దగ్గరికొచ్చాడు. "అన్నా, నీళ్లు తాగొచ్చునా?"

రాజన్న లేచి పులుసు గిన్నె తెచ్చి వాడి చేతిలో పెట్టాడు.

"రూముల ఉన్నోడు వండాలె. రేపు వంతు నీది."

"ఉప్పు ఎంతెయ్యాలె అన్నా?"

"నీ ఇష్టం. ఎవర్ని అడగకు. ఎక్కువైతే అట్లనే తింటం."