అమ్మ గది కర్టెన్లు

తమ్ముడూ, అమ్మ గది కర్టెన్లు హుక్కులు తీసి బకెట్లో నానబెట్టాను. చన్నీళ్లలోనే ఉతుకు. మెలిపెట్టి పిండకు, గుడ్డ చివికిపోయింది. కాస్త తడి ఉండగానే తగిలిస్తే ముడతలు వాటంతటవే పోతాయి. స్టూలు కాలు ఊగుతోంది, గోడకి ఆనించి ఎక్కు.

నిన్న డాక్టరుగారు అమ్మ ఆయాసానికి కర్టెన్ల దుమ్మే కారణమంటే, "అక్కకి చెప్తూనే ఉన్నానండీ, వింటేగా!" అన్నావు. ఎప్పుడు చెప్పావురా? నెలనెలా వాటిని ఉతికేది నేను. ఈ నెల డబుల్ డ్యూటీలు పడి కుదరలేదు. అమ్మ కూడా అవునన్నట్టు తలూపింది చూడు, అదే నాకు మింగుడుపడలేదు. డ్యూటీ నుంచి అటే స్నేహితురాలింటికి పోతున్నాను. ఆదివారం దాకా రాను.

ఎవరు ఉతికారని అమ్మ అడిగితే నువ్వేనని చెప్పు. ఈ ఒక్కసారైనా నువ్వు చెప్పేది నిజమవుతుంది.