నా రాజీనామా నాకే చెందునని విన్నపము

పుంగనూరు నుండి.

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టరు గారి సముఖమునకు,
పడమటి మండలాల పట్టురైతుల సహకార సమాఖ్య, మదనపల్లె.

అర్జీదారు: సి. కీర్తన, బి.ఎస్సీ., క్షేత్ర సహాయకురాలు (పర్మనెంటు), కుప్పం కేంద్రం.

విషయం: నేను నా చేత్తో రాసి ఇచ్చిన రాజీనామాను మా నాయన వెనక్కి తీసుకున్నందున, దానిని మరల స్వీకరించి, పట్టుగుడ్లు పగిలేలోపల నన్ను ఉద్యోగము నుండి విడుదల చేయవలసిందిగా కోరుట గురించి.

అయ్యా,

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా ఇంట్లోవారు నన్ను పూర్తిగా తప్పుగా అర్థం చేసుకున్నారు. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పిననాడు మా నాయన చెంగల్రాయుడు గారు అడిగిన మొదటి మాట "యాలమ్మా?" అని కాదు. "ఎవుడు వాడు?" అని. ఎవడూ లేడని చెప్పినాను. "ఎవుడూ లేకుండా పర్మనెంటు ఉద్యోగం యాల వదులుతావు?" అన్నారు. మా అమ్మ మునిరత్నమ్మ గారు ఆ కారణము ఒప్పుకోలేదు. షెడ్ల వెంబడి తిరిగేటప్పుడు యాడనో దాటకూడనిది దాటినానని ఆమె నిశ్చయించి, నా చేతికి తాయెత్తు కట్టినారు. మా అన్న మహేష్, సెల్లులో ఎవరో ఆశలు పెట్టి ఉంటారని నా ఫోను లాక్కుని ఫోటోలన్నీ వెదికినాడు. అన్నీ పట్టుపురుగుల ఫోటోలే. చాలాసేపు చూసి, "నాయినా, ఎవుడన్నా ఉండుంటేనే బాగుండు. ఇది సూస్తే ఇంకా భయమేస్తాండాది" అన్నాడు.

ఈ ప్రకారము ముగ్గురికి మూడు కారణములు దొరికినవి. నేను చెప్పిన కారణము మాత్రము ఎవరి చెవికీ ఎక్కలేదు. కావున అది తమకు మనవి చేసుకుంటున్నాను. తమరైనా పూర్తిగా చదవవలెను.

2. నా ఉద్యోగము పట్టురైతుల షెడ్లకు వెళ్లి, పురుగులను చూసి, సలహా చెప్పి, ఫోటో తీసి యాప్‌లో ఎక్కించుట. రోజుకు ఇన్ని షెడ్లని సమాఖ్యవారు నిర్ణయించినారు. అయితే మన పడమటి మండలాల్లో పురుగుల షెడ్డులోకి బయటివాళ్లను రానివ్వరని తమకు తెలియనిది కాదు. ఒక షెడ్డు రోగం ఇంకొక షెడ్డుకు చెప్పులకూ చేతులకూ అంటుకుని పోతుంది. ముసలివాళ్లు దాన్ని మైల అంటారు, నా పాఠ్యపుస్తకం ఇంకో పేరుతో అదే చెప్పింది. నేను పోయిన ప్రతి ఊళ్లోనూ ఇదే విచారణ:

"పొద్దున్నే యాడికి పోయొస్తివి మేడమ్?"

"పక్కూరి షెడ్డుకన్నా."

"ఆడ పురుగు సచ్చిందంట గదా. ఆడే నిలబడు తల్లీ. మంచినీళ్లు తెచ్చిస్తా."

నీళ్లకు ఏనాడూ లోటు చేయలేదు. గడప మాత్రం దాటనివ్వలేదు. వాళ్లను తప్పుపట్టే ముఖము నాకు లేదు. వాళ్ల తావులో నేనున్నా నన్ను నేను రానివ్వను. కనుక గడప బయట నిలబడి ఫోను లోపలికి ఇచ్చేదాన్ని, వాళ్లే ఫోటో తీసి ఇచ్చేవారు. బైరెడ్డిపల్లె మండలంలో మునీశ్వరి అనే మహిళా రైతు తీసి ఇచ్చిన ఫోటోలో ఆమె బొటనవేలు తప్ప మరేమీ కనిపించనందున నాకు మెమో వచ్చినది. ఆ బొటనవేలు ఆరోగ్యముగానే ఉన్నదని నేను సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఇచ్చి ఉండవలసింది.

3. ఆ మునీశ్వరి షెడ్డులోనే పోయిన పంటప్పుడు పురుగుకు జబ్బు వచ్చినది. నేను గడపలో, ఆమె లోపల.

"మేయడంలేదు మేడమ్. తల పైకెత్తుకోని ఉండాయి."

"ఒళ్లు ఎట్లుంది అక్కా? మెరుస్తాందా?"

"మెరుస్తాందో లేదో నాకేం తెలుస్తాది! నువ్వే వచ్చి సూడరాదా?"

నేను చెప్పులు విడిచినాను.

"వద్దు వద్దు, రావద్దు! పొద్దున్నించీ ఎన్ని షెడ్లు తిరిగినావో! ఆ పక్క అరల్లోవైనా మిగలనీ!"

అయ్యా, నేను దేన్ని చూసి గుర్తుపట్టడానికి కాలేజీలో చదువుకున్నానో అది నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బయట నిలబడినాను. పక్క అరల్లోవి కూడా మిగల్లేదు. పురుగులను గుంట తీసి పూడ్చి, సున్నం చల్లి వచ్చి, మునీశ్వరి నా పక్కన కూర్చున్నది. ఏడవలేదు. "పది షెడ్లు తిరిగేదానివి యాడా లోపలికి రాలేవు మేడమ్. ఒక్క తావున కూర్చోని మా పసిపురుగుల్ని సాకియ్యి. పసితనంలో గట్టిపడితే పెద్దయినాక తట్టుకుంటాయి. అప్పుడు నీ గడపకాడ మేమొచ్చి నిలబడతాం" అన్నది.

నా రాజీనామాకు కారణము ఇది. ఎవడూ లేడు. దాటకూడనిది దాటలేదు. దాటవలసినది దాటలేకపోయినాను.

4. అదే సమయములో సమాఖ్యవారు స్వతంత్ర చాకీ కాంట్రాక్టర్లు కావలెనని ప్రకటన ఇచ్చినారు. చాకీ అనగా గుడ్లు పగిలినప్పటి నుండి రెండో జ్వరం లేచేవరకు పసిపురుగులను ఒకే గదిలో పెంచి రైతులకు అప్పగించుట అని తమకు తెలియును. మా ఇంట్లో తెలియదు. పురుగు పొర విడిచే ముందు మేత మాని నిద్రపోవడాన్ని రైతులు జ్వరమంటారని చెప్పబోతే, "నీకు వచ్చిందే ఆ జ్వరం" అని మా అన్న అన్నాడు. కాంట్రాక్టరు అన్న మాటకు మా నాయన మరీ మండిపడినారు. "కాంట్రాక్టరంటే తెల్లసొక్కా యేసుకోని కార్లో పోయేటోడు. లేత ఆకు తరిగి పురుగులకేసే పనికి ఆ పేరు యాల? కూలి అని సెప్పు, అర్థమైతాది."

ఆ ప్రకటనలో ఒక షరతు ఉన్నది. కాంట్రాక్టరు సమాఖ్య ఉద్యోగి అయి ఉండరాదు. కనుక ముందు రాజీనామా ఇచ్చి తరువాత దరఖాస్తు పెట్టినాను. పుంగనూరు పొలిమేరలో ఒక గది, దాని వెనక మల్బరీ తోట గుత్తకు తీసుకున్నాను. గది కడిగి, మందునీళ్లు కొట్టి, సున్నం వేసి, సందులన్నీ మూసినాను. నా పేరిట గుడ్లు కేటాయింపు అయినవి. మునీశ్వరి, ఆమెతోపాటు మరికొందరు రైతులు నా పురుగులు అందే వేళకు ఆకు సిద్ధంగా ఉండేలా తోటలు కత్తిరించుకున్నారు.

5. ఇట్లుండగా మా నాయన నాకు తెలియకుండా మదనపల్లె ఆఫీసుకు పోయి, "మా పాపకు మతి స్థిమితం తప్పినందున ఇచ్చిన రాజీనామా చెల్లదు, దయచేసి పరిగణించవద్దు" అని కాగితం ఇచ్చి వచ్చినారు. సూపరింటెండెంటు యువరాజ్ గారు దానిని స్వీకరించి నన్ను వైద్య సెలవులో ఉంచినారు. నా వయసు ఇరవై దాటి చాలా కాలమైనదనీ, ఆ సంతకం నాది కాదనీ అడిగితే, "నీది కాదు గానీ తండ్రిది గదమ్మా. మేము బిడ్డలుగల్లోళ్లం" అన్నారు. ఇందులో ఆయన దురుద్దేశము ఏమియు లేదు. దయతోనే చేసినారు. దయకు అప్పీలు ఎక్కడ చేసుకోవాలో తెలియక తమకు రాస్తున్నాను.

మా నాయనను కూడా అడిగినాను. ఆయన కోపపడలేదు. కోపపడి ఉంటే నాకు సులభముగా ఉండేది. "పొద్దున్నే మదనపల్లె మార్కెట్లో టమోటా రేటు యినేదాకా ఆ పొద్దు అన్నం యెట్లో తెలియని బతుకమ్మా నాది. మీ తాతదీ అదే. నెల పుడితే జీతమొచ్చే మనిషి మన వంశంలో నువ్వొక్కదానివే. అది నువ్వు గంగలో పారేస్తాంటే నేను సూస్తా కూర్చోవాల్నా?" అన్నారు.

ఆయన భయం అబద్ధము కాదు. నాకు కూడా ఉన్నది. రేపు పురుగు పోతే నన్ను ఆదుకునే ఆర్డరు ఏదీ ఏ ఫైల్లోనూ లేదని తెలుసు. అయినను ఆ రాజీనామా నాది. భయపడి వెనక్కి తీసుకునే హక్కు కూడా నాదే. నేను తీసుకోలేదు.

6. మతి సరిగ్గా ఉన్నదని డాక్టరు సర్టిఫికెట్ తెస్తే రాజీనామా మళ్లీ పరిశీలిస్తామని యువరాజ్ గారు సెలవిచ్చినారు. తెచ్చుకుందామని ఒక డాక్టరమ్మ దగ్గరకు పోయినాను.

"ఏమ్మా ఇబ్బంది?"

"ఏం లేదు మేడమ్. మతి బాగుందని కాయితం కావల్ల."

"దేనికి?"

"ఉద్యోగానికి రాజీనామా చేసేదానికి."

"ఏం ఉద్యోగం?"

"పర్మనెంటు."

ఆమె పెన్నుకు మూత పెట్టేసినారు. "మా తమ్ముడు పర్మనెంటు ఉద్యోగం కోసం యేండ్లుగా పరీక్షలు రాస్తాండాడు. నువ్వు బాగుండావని నేను రాసిస్తే, వాణ్ణి ఏమని రాయాల?" అన్నారు. నిద్ర మాత్రలు రాసి, రాజీనామా మానుకుంటే సర్టిఫికెట్ అప్పటికప్పుడే ఇస్తానన్నారు. మానుకుంటే నాకు సర్టిఫికెట్ అక్కరలేదు. ఈ సంగతి యువరాజ్ గారికి చెప్పగా, "నువ్వు సెప్పేది లాజిక్కుగానే ఉండాది. ఉన్నా ఫైల్లో కాయితం పడాల గదమ్మా" అన్నారు.

7. ప్రస్తుతము నేను ఉద్యోగినే గనుక గుడ్ల కేటాయింపు నిలిపివేసినారు. మతి లేనిదాన్ని గనుక ఉద్యోగానికి రానివ్వడం లేదు. అయ్యా, ఇప్పుడు నేను ఎవరిని? తమ రికార్డుల ప్రకారమైనా ఒక మాట చెప్పవలెను.

8. గుడ్లు ఆగవు. ఇది నేను బెదిరించుట కాదు, అవి అట్లాంటివి. ముందు గుడ్డులో సూదిమొనంత నల్లచుక్క పడుతుంది. తరువాత గుడ్డంతా నీలంగా తిరుగుతుంది. అప్పుడు నల్లగుడ్డ కప్పి చీకట్లో పెడతాము, ముందు సిద్ధమైనది వెనకదాని కోసం ఆగాలని. తెల్లవారి గుడ్డ తీసి వెలుగు చూపిస్తే అన్నీ కలిసి పగులుతాయి. పగిలిన పిల్లకు వెంటనే లేత ఆకు పడాలి. సంతకం రేపు, సెలవు ఎల్లుండి అని దానికి చెప్పడానికి లేదు. కత్తిరించిన తోట కూడా ఫైలు కాదు, పక్కన పెడితే అట్లే పడి ఉండటానికి. ఆకు ముదిరిపోతుంది. ముదిరిన ఆకు నా పురుగులు మేయవు. ఒక పంట పోగొట్టుకున్న మునీశ్వరికి నా ఫైలు మూలంగా రెండోది కూడా పోతుంది. ఆమె ముఖం ఏ గడపలో నిలబడి చూడమంటారు?

అయ్యా, నేను చాలా మర్యాదగా రాయవలెనని మొదలుపెట్టినాను. ఇక నా వల్ల కావడంలేదు. సంతకం పెట్టండి. రాజీనామా మీద కాకపోతే డిస్మిస్ ఆర్డరు మీద పెట్టండి. బొటనవేలి ఫోటో నేరం కింద తీసేయండి, పై అధికారితో తలబిరుసుగా మాట్లాడిందని తీసేయండి, ఈ అర్జీనే సాక్ష్యంగా పెట్టుకోండి. ఏ దారిన పంపినా పోతాను. పోవడానికి మాత్రం దారి ఇవ్వండి.

పై కారణములన్నియు తమ చిత్తమునకు తెచ్చుకొనవలెను. అంత తీరిక లేనియెడల చివరి పేరా ఒక్కటి చిత్తగించినా చాలును.

ఈ కాగితం తమ బల్ల మీదికి చేరేవరకు మాత్రమే
తమ విధేయురాలు,
సి. కీర్తన

తా.క.: ఈ అర్జీ కవరులో పెడుతుండగా సమాఖ్య గుడ్ల స్టోరులో పనిచేసే రోజా ఫోను చేసింది. "నీలం తిరిగినాయి కీర్తనా. నీ పేరున ఇయ్యద్దన్నారు. ఏం చేస్తావు?" అన్నది. నేను ఏమీ చేయలేదు. సంగతి తెలిసి మునీశ్వరి చేసింది. సమాఖ్య సభ్యులు ఎవరి గుడ్లు వాళ్లు తీసుకోవచ్చునని తమ నియమమే ఉన్నది గదా. ఆమె, మిగతా రైతులూ ఎవరి పేరున వాళ్లు సంతకం చేసి, గంపలో తడిగుడ్డ పరిచి, మదనపల్లె నుండి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చినారు. వచ్చి నా గది బయట వరుసగా నిలబడినారు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచినారు. మునీశ్వరి గంపను గడప మీదుగా అందించి, తాను అవతలే ఆగిపోయింది. "నువ్వు అడిగే పనే లేదు మేడమ్, మేము లోపలికి రాములే" అని నవ్వింది.

వాళ్ల వెనకనే మా నాయన కూడా వచ్చినారు. నన్ను ఇంటికి పిలుచుకుపోవడానికి. గుంపును చూశారు, నా చేతిలో గంపను చూశారు, గడప వైపు అడుగు వేసినారు.

"నాయినా, తోటలోనించేనా వస్తాండావు?"

"అవును."

"పొద్దున టమోటాకు మందు కొట్టినావా?"

"కొట్టినా."

"అట్లయితే ఆడే నిలబడు నాయినా. మంచినీళ్లు తెచ్చిస్తా."

నిలబడినారు. నీళ్లు తాగి చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు కూడా గడప దాటకుండా చెయ్యి మాత్రం చాపినారు. ఇంటికి రమ్మని అనలేదు. సరేనని కూడా అనలేదు.

సమాఖ్యవారు తనిఖీకి రాదలచినచో రావచ్చును. ఎవరైనను బయటనే నిలబడవలెను. ఫోటో కావలసినచో నేను తీసి ఇస్తాను.

గుడ్ల మీద నల్లగుడ్డ కప్పినాను. రేపు తెల్లవారితే తీస్తాను. తమ సంతకం వచ్చినా రాకపోయినా కుప్పం కేంద్రానికి నేను ఇక రాను.