నీళ్లు చల్లని కాయ

మంగళవారం, పడుకోబోయే ముందు

మిరపకాయల తొడిమలు తీసే నా మిషను కాయను విరగ్గొడుతుందని రాసి నాలుగేళ్లయింది. సర్కారు డబ్బుతో మా షెడ్డులో నేను చేసిన మిషను అది. సర్కారు మనిషే పరీక్ష చేసి రిపోర్టులో అలా రాశాడు. ఆ కాగితం చూసి ఏ వ్యాపారీ కొనలేదు.

ఇలాంటి మిషన్లను బజారుకు చేర్చే ఆఫీసు నుంచి ఈ రోజు ఒక మేడం వచ్చింది. పరీక్షకని ఎండుకాయను బస్తాలోంచి అలాగే మిషనులో పోయబోయింది. మా షెడ్డులో చేత్తో తొడిమలు తీసే మస్తాన్‌బీ చెయ్యి అడ్డం పెట్టింది.

"నీళ్లు చల్లకుండా పోస్తే మా చేతుల్లోనే విరుగుద్ది గదమ్మా. అప్పుడూ ఇట్టాగే పోశారా?"

మేడం నావైపు తిరిగింది. "మీరు చెప్పలేదాండీ?"

"నన్నెవరూ అడగలేదు. అడగనివాడికి చెప్పే అలవాటు నాకు లేదు."

"బాగుంది మావా నీ అలవాటు," అంది మస్తాన్‌బీ.

నీళ్లు చల్లి, గోనె కప్పి, గంట ఆగి పోశాం. కాయ విరగలేదు.

నాలుగేళ్ల కిందట ఆ సర్కారు వాళ్లు నీళ్లు చల్లని కాయ పోస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. మేడంతో ఆ సంగతి అనలేదు. అనాలేమో.

పాత రిపోర్టు మార్చడం పైవాళ్ల చేతిలో ఉందని మేడం అంది. కొత్త కాయ మార్కెట్ యార్డుకు రాబోతోంది, వ్యాపారులు మిషన్లు కొనేది అప్పుడే. మారుస్తారో మార్చరో శుక్రవారం సాయంత్రానికల్లా కాగితం మీద చెప్పమన్నాను. నోటిమాట నాకొద్దు.