ఇన్‌స్పెక్టర్ మేడం మల్ల వస్తదట

మా అమ్మను దవాఖానల చూపిచ్చెతందుకు మోత్కూరు పోతున్న, పొద్దుగూకేసరికి వస్త. అన్నం, పచ్చిపులుసు పొయ్యి పక్కన మూతపెట్టి ఉన్నయి.

ఇన్‌స్పెక్టర్ మేడం పన్నెండింటికి మన దుకాణం చూడనీకి మల్ల వస్తదట. లైసెన్స్ కాయితం మీద దుమ్ము తుడిచిన. తారీఖు దాటిన బిస్కెట్లు ఏరి సంచిల కట్టి బయట పెట్టిన. పప్పు డబ్బాలన్నిటికి మూతలు నేనే పెట్టిన. నువ్వు పెట్టినట్టు ఆమెకు చెప్పకు.

ఇస్త్రీ అంగి దండెం మీద ఉన్నది. ఆమె వస్తదని తెల్వంగనే నిన్న గడ్డం గీక్కున్నవు. మా చెల్లె పెండ్లికి గీక్కోమని నేను రెండు రోజులు బతిమిలాడిన.

అగరుబత్తులు, సబ్బులు చక్కెర పక్కన పెట్టకు, వాసన పడుతదని పదేండ్ల సంది మొత్తుకుంటున్న. "నీ ముక్కే గట్లున్నది" అన్నవు. ఆమె ఒక్కసారి వేలు చూపిచ్చి "ఇవి ఇక్కడ ఉండకూడదండీ" అన్నది. నువ్వు గా గంటల్నే అల్మారా మొత్తం మార్చి, "మేడంకు ఎంత తెలివి" అని వచ్చినోళ్లందరికి చెప్పినవు. ఆమెది చదివితె వచ్చిన తెలివి. నాది మన దుకాణం చక్కెరతోని చాయ్ తాగి తాగి వచ్చిన తెలివి.

ఆమెకు చాయ్ ఇస్తవు గావొచ్చు, ఇయ్యి. స్టీలు గ్లాసుల ఇయ్యి. నా పెండ్లికి వచ్చిన కప్పులు ముట్టకు.

నాగరాణి

పొద్దున చాయ్‌ల అగరుబత్తి వాసన రాలే. గింత మంచి చాయ్ ఈ ఇంట్ల నేనెన్నడు తాగలే. గదే నాకు ఎక్కువ మండుతాంది.